పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్ డ్రైవ్‌ల నుంచి ప్రోగ్రామ్‌లు వాటంతటవే నడవకుండా ఆపాలంటే ఏది మేలు?

హాల్‌టికెట్ ప్రింట్ తీయాలన్నా, ప్రాజెక్ట్ రిపోర్ట్‌కి స్పైరల్ బైండింగ్ చేయించాలన్నా జిరాక్స్ సెంటర్‌కి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లే అలవాటు మనకింకా పోలేదు. ఆ షాపులో కంప్యూటర్‌కి పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరెవరి పెన్‌డ్రైవ్‌లో తగులుతూనే ఉంటాయి. ఒకదాన్నుంచి ఇంకోదానికి వైరస్ అంటుకోవడానికి అంతకంటే అనువైన చోటు దొరకదు. కాలేజీ ల్యాబ్‌లు, అందరూ ఒకే షేర్డ్ ఫోల్డర్ వాడుకునే చిన్న ఆఫీసులు కూడా ఇంచుమించు అంతే.

డ్రైవ్ పెట్టగానే అందులోని ప్రోగ్రామ్ నడవకుండా ఏం చేయాలని అడగండి, తలా ఒక మార్గం చెబుతారు. ఆటోప్లే ఆపేస్తే చాలని ఒకరు, విండోస్ తన సెట్టింగ్‌లు దాచుకునే రిజిస్ట్రీలో 255 అనే అంకె పెట్టమని ఒకరు, పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్ పేరుతో ఖాళీ ఫోల్డర్ చేసిపెట్టమని ఇంకొకరు. వీటన్నిటి ఫలితం ఒకటేనని అనుకోవడంతోనే చిక్కు మొదలవుతుంది. నా లెక్కలో సొంత కంప్యూటర్‌కి మెషీన్ మొత్తానికీ వర్తించే 255 సరైనది. పదిమంది చేతులు పడే కంప్యూటర్‌కి అదొక్కటే సరిపోదు, పెన్‌డ్రైవ్‌లోంచి ఏ ప్రోగ్రామూ నడవనివ్వని పాలసీ కూడా పెట్టాలి. ఖాళీ ఫోల్డర్ చిట్కాని నేనైతే లెక్కలోకి తీసుకోను.

ఆటోప్లే వేరు, ఆటోరన్ వేరు

డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ లోపలా కాకుండా పైనే ఆటోరన్.ఇన్ఫ్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటే, అందులో రాసిన ప్రోగ్రామ్‌ని విండోస్ నడపడం ఆటోరన్. సీడీ పెట్టగానే ఇన్‌స్టాలేషన్ మొదలవ్వాలని విండోస్ 95తో తెచ్చిన సదుపాయం ఇది. ఆటోప్లే తర్వాత వచ్చింది. డ్రైవ్‌లో ఏమున్నాయో చూసి 'ఫొటోలు చూస్తారా, ఫోల్డర్ తెరవనా' అని అడిగే పెట్టె అది. ఒకటి ఫైల్ చెప్పినట్టు వింటుంది, రెండోది మనల్ని అడుగుతుంది. మనకి ప్రమాదం మొదటిదాంతోనే.

అలాగని అడిగే పెట్టె అమాయకమైనదేమీ కాదు. 2008 చివర్లో వచ్చిన కాన్ఫికర్ అనే వార్మ్ (తనంతట తానే పాకే వైరస్) రెండో రకం చేసిన మాయ చూడండి. పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్.ఇన్ఫ్‌లో 'ఓపెన్ ఫోల్డర్ టు వ్యూ ఫైల్స్' అని రాసి, పక్కన విండోస్ సొంత ఫోల్డర్ బొమ్మే పెట్టింది. దాంతో ఆటోప్లే పెట్టెలో అదే మాట, అదే బొమ్మ రెండుసార్లు కనబడేవి. కిందిది నొక్కితే నిజంగానే ఫోల్డర్ తెరుచుకునేది, పైది నొక్కితే వార్మ్ నడిచేది. హడావుడిలో ఉన్నవాళ్లు పైది నొక్కడంలో వింతేముంది?

ఆ రోజుల్లో ఇంకో పెద్ద లోపం ఉండేది. రిజిస్ట్రీలో ఆటోరన్ వద్దని రాసినా పాత విండోస్ పూర్తిగా వినేది కాదు. డ్రైవ్ పెట్టగానే నడవడం ఆగేది గానీ, మై కంప్యూటర్‌లో ఆ డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ నడిచిపోయేది. 2009 జనవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థ యూఎస్-సెర్ట్ దీనిమీద హెచ్చరిక ఇచ్చింది. ఆ ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సవరణను అందరికీ పంపింది. విండోస్ 7 నుంచి పెన్‌డ్రైవ్‌లలో ఆటోరన్‌నే తీసేశారు. 2011 ఫిబ్రవరిలో పాత విండోస్‌లైన ఎక్స్‌పీ, విస్టాలకూ అదే మార్పు అప్‌డేట్‌గా వచ్చింది. కాబట్టి ఈరోజు విండోస్ 10, 11లలో మామూలు పెన్‌డ్రైవ్‌లోని ఆటోరన్.ఇన్ఫ్ తనంతట తాను దేన్నీ నడపలేదు. మరి ఈ గొడవంతా ఎందుకంటారా? సీడీ డ్రైవ్‌కి ఆ తలుపు ఇంకా తెరిచే ఉంది కనక.

సీడీలు ఎవరు వాడుతున్నారని కొట్టిపారేయొద్దు. విండోస్ 8 నుంచి ఐఎస్ఓ ఫైల్ (సీడీ మొత్తాన్ని ఒకే ఫైల్‌గా మార్చినది) మీద డబుల్ క్లిక్ చేస్తే అది సీడీ డ్రైవ్‌లాగే ప్రత్యక్షమవుతుంది. పెన్‌డ్రైవ్‌లోనే ఒక భాగాన్ని సీడీగా చూపించే యూ3 రకం డ్రైవ్‌లూ ఒకప్పుడు బజారులో దొరికేవి. 2005లో సోనీ బీఎంజీ అమ్మిన పాటల సీడీలు కంప్యూటర్‌లో పెట్టగానే కాపీ నిరోధం పేరుతో రూట్‌కిట్ (కనబడకుండా దాక్కునే ప్రోగ్రామ్) దింపిందీ ఈ దారినే. డబ్బిచ్చి కొన్న సీడీకే అలా జరిగిందంటే, దారిన దొరికిన ఐఎస్ఓ సంగతి చెప్పక్కర్లేదు.

సెట్టింగ్స్‌లో స్విచ్చా, రిజిస్ట్రీలో 255నా?

విండోస్ 11లో సెట్టింగ్స్‌కి వెళ్లి, బ్లూటూత్ అండ్ డివైసెస్‌లో ఆటోప్లే దగ్గర స్విచ్ ఆఫ్ చేయడం అరనిమిషం పని. మంచిదే, చేయండి. కానీ అది ఆ యూజర్‌కి మాత్రమే వర్తిస్తుంది. అదే కంప్యూటర్‌లో ఇంకొకరు తమ లాగిన్‌తో వస్తే వాళ్లకి మళ్లీ మొదటికొస్తుంది. పైగా ఎవరైనా ఒక్క నొక్కుతో తిరిగి ఆన్ చేసేయొచ్చు.

రిజిస్ట్రీలోని 'నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్' అనే విలువ అలా కాదు. లోకల్ మెషీన్ కింద సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్, విండోస్, కరెంట్‌వెర్షన్, పాలసీస్, ఎక్స్‌ప్లోరర్ అనే వరుసలో దాన్ని డీవర్డ్‌గా (అంకె రాసే రకం విలువగా) పెడితే కంప్యూటర్ మొత్తానికీ వర్తిస్తుంది. కరెంట్ యూజర్ కింద వేరే విలువ ఉన్నా దాన్ని పట్టించుకోదు. మార్చాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి.

ఇంతకీ 255 ఎక్కడినుంచి వచ్చింది? ఒక్కో రకం డ్రైవ్‌కి ఒక్కో అంకె ఉంది. పెన్‌డ్రైవ్ లాంటి రిమూవబుల్ డ్రైవ్‌కి 4, లోపలి హార్డ్‌డిస్క్‌కి 8, నెట్‌వర్క్ డ్రైవ్‌కి 16, సీడీకి 32, ర్యామ్ డిస్క్‌కి 64, రూట్ ఫోల్డర్ లేనివాటికి 2, ఏ రకమో తెలియనివాటికి 1, 128. వద్దనుకున్నవాటిని కూడి రాయాలి. ఎక్స్‌పీ, విస్టాలతో వచ్చిన విలువ 145, అంటే 128, 16, 1 కలిపినది. నెట్‌వర్క్ డ్రైవ్, తెలియని డ్రైవ్ మూసి, పెన్‌డ్రైవ్‌కీ సీడీకీ తలుపు బార్లా తెరిచారన్నమాట. విండోస్ 2000లో మాత్రం 149 ఉండేది, అందులో పెన్‌డ్రైవ్‌కి చెందిన 4 కూడా కలిసి ఉంది. ముందు మూసి ఉన్న తలుపుని ఎక్స్‌పీలో తెరిచారు. తర్వాత పెన్‌డ్రైవ్ వైరస్‌లు పడ్డ పండగ చూస్తే ఆ నిర్ణయం మీద నాకు ఇప్పటికీ కోపమొస్తుంది.

సీడీ ఒక్కటి ఉంచి మిగతావి మూసేయాలంటే 223. అన్నీ మూసేయాలంటే 255. ఐఎస్ఓ సంగతి చెప్పాను కాబట్టి నా ఓటు 255కే. పోయేదేమిటంటే, ఇన్‌స్టలేషన్ డిస్క్ పెట్టినప్పుడు లోపలికెళ్లి సెటప్ ఫైల్‌ని మనమే నొక్కాలి. అంతే. రిజిస్ట్రీ ఎడిటర్‌లో అంకె కొట్టేముందు డెసిమల్ అని ఎంచుకోవడం మరవొద్దు. హెక్సాడెసిమల్‌లో ఉంచి 255 కొడితే అది వేరే సంఖ్య అవుతుంది.

విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్ ఉన్నవాళ్లకి రిజిస్ట్రీ అక్కర్లేదు. గ్రూప్ పాలసీలో (కంప్యూటర్ నియమాలు పెట్టే విండోస్ కిటికీలో) ఆటోప్లే పాలసీస్ కింద 'టర్న్ ఆఫ్ ఆటోప్లే'ని ఎనేబుల్ చేసి ఆల్ డ్రైవ్స్ ఎంచుకుంటే ఇదే 255 పడుతుంది. పక్కనే ఉన్న 'సెట్ ద డిఫాల్ట్ బిహేవియర్ ఫర్ ఆటోరన్'లో ఆటోరన్ ఆదేశాలేవీ నడపొద్దని కూడా పెట్టండి. హోమ్ ఎడిషన్‌లో ఈ పాలసీ కిటికీ ఉండదు, వాళ్లకి రిజిస్ట్రీయే దిక్కు.

డ్రైవ్ అక్షరాన్ని బట్టి ఆపే 'నోడ్రైవ్‌ఆటోరన్' అనే ఇంకో విలువ ఉంది. ఏకి 1, బీకి 2, సీకి 4, అలా రెట్టింపవుతూ మొత్తం 26 అక్షరాలకి 67108863. పెన్‌డ్రైవ్‌కి ఇవాళ ఎఫ్ అక్షరం వస్తే రేపు జీ వస్తుంది, కాబట్టి దానికి పనికిరాదు. ఎప్పుడూ జెడ్‌గానే ఉండే ఆఫీసు షేర్‌కైతే అర్థముంది. షిఫ్ట్ కీ నొక్కిపట్టుకుని డ్రైవ్ పెట్టడం లాంటివి గుర్తుంటే సరే, కానీ మనిషి జ్ఞాపకం మీద నడిచేదాన్ని రక్షణ అనలేం.

ఖాళీ ఫోల్డర్ టీకా

పెన్‌డ్రైవ్‌లో ఆటోరన్.ఇన్ఫ్ అనే పేరుతో ముందే ఒక ఫోల్డర్ ఉంటే, అదే పేరుతో ఫైల్ సృష్టించడం కుదరదు. ఆలోచన తెలివైనదే, అప్పట్లో చాలామందిని కాపాడింది కూడా. కానీ ఫోల్డర్ పేరు మార్చి, ఆ తర్వాత తన ఫైల్ పెట్టుకోవడం వైరస్‌కి ఒక్క లైను పని. పైగా ఇది కాపాడేది ఆ పెన్‌డ్రైవ్‌ని, కంప్యూటర్‌ని కాదు. షాపుకి వచ్చే ప్రతి పెన్‌డ్రైవ్‌కీ టీకా వేయలేం కదా.

అప్‌డేట్‌లు ఆగిపోయిన పాత ఎక్స్‌పీ మెషీన్‌కైతే ఇంతకంటే గట్టి మార్గం ఉంది. రిజిస్ట్రీలోని ఇనీఫైల్‌మ్యాపింగ్‌లో ఆటోరన్.ఇన్ఫ్ అనే కీ పెట్టి, అసలు లేని చోటుకి దారి మళ్లిస్తే, విండోస్ ఆ ఫైల్‌ని చదవడమే మానేస్తుంది. యూఎస్-సెర్ట్ 2009లో సూచించినది ఇదే. ల్యాబ్ పరికరాలకి అతుక్కుపోయిన పాత కంప్యూటర్‌లకి నేను దీన్నే పెట్టమంటాను.

జిరాక్స్ షాపుకి 255 ఎందుకు చాలదు

మన దగ్గర ఇప్పుడు అందరూ తిట్టుకునేది షార్ట్‌కట్ వైరస్‌ని. దానికి ఆటోరన్‌తో పనే లేదు. మీ ఫోల్డర్‌లని దాచేసి, అవే పేర్లతో షార్ట్‌కట్‌లు పెడుతుంది. మీరే 'సర్టిఫికెట్స్' అని ఉన్నదాన్ని నొక్కుతారు, ఫోల్డర్ తెరుచుకుంటుంది, వెనకాల వైరస్ కూడా నడుస్తుంది. ఫైల్ ఎక్స్‌టెన్షన్‌లు కనబడేలా పెట్టినా షార్ట్‌కట్ ఎక్స్‌టెన్షన్ మాత్రం విండోస్ చూపించదు. అందుకే షాపు కంప్యూటర్‌లో డీటెయిల్స్ వ్యూ పెట్టుకుని టైప్ అనే వరుస చూడటం అలవాటు చేసుకోవాలి. ఫోల్డర్ పేరుకి ఎదురుగా షార్ట్‌కట్ అని ఉంటే చెయ్యి వెనక్కి తీసుకోండి.

ఇలాంటి మెషీన్‌కి గ్రూప్ పాలసీలో సిస్టమ్ కింద రిమూవబుల్ స్టోరేజ్ యాక్సెస్ ఉంది. అందులో 'రిమూవబుల్ డిస్క్స్: డినై ఎగ్జిక్యూట్ యాక్సెస్' ఎనేబుల్ చేస్తే పీడీఎఫ్‌లు తెరుచుకుంటాయి, ప్రింట్ అవుతాయి, కానీ పెన్‌డ్రైవ్‌లోని ఈఎక్స్ఈ ప్రోగ్రామ్‌లు నడవవు. ప్రింట్ షాపుకి కావలసింది అచ్చంగా ఇదే. దీనికీ ఒక హద్దుంది. షార్ట్‌కట్ సీ డ్రైవ్‌లోని విండోస్ సొంత ప్రోగ్రామ్‌నే పిలిచి దానిచేత పెన్‌డ్రైవ్‌లోని స్క్రిప్ట్ చదివిస్తే ఈ పాలసీ ఆపలేదు. 2021 నుంచి కనబడుతున్న రాస్ప్‌బెర్రీ రాబిన్ వార్మ్ నడక ఇలాంటిదే. కాబట్టి యాంటీవైరస్ అప్‌డేట్‌గా ఉండాలి, షాపులో రోజూ కూర్చునే లాగిన్ అడ్మిన్ కాకూడదు.

2014లో బయటపెట్టిన బ్యాడ్‌యూఎస్‌బీ ఇంకో మెట్టు పైది. పెన్‌డ్రైవ్‌లా కనబడుతూ తాను కీబోర్డ్‌నని చెప్పుకుని అక్షరాలు టైప్ చేస్తుంది. దాని ముందు ఈ సెట్టింగ్‌లేవీ నిలవవు.

నెట్‌వర్క్ డ్రైవ్ దగ్గర మందు వేరేచోట ఉంది

షేర్డ్ ఫోల్డర్ విషయంలో ప్రతి క్లయింట్ కంప్యూటర్‌కీ తిరిగి 255 పెట్టడం అవసరమే గానీ, అసలు రోగం సర్వర్ దగ్గర ఉంటుంది. అందరికీ రాసే హక్కు ఇచ్చేసిన ఫోల్డర్‌లో ఒక్క మెషీన్ పాడైతే చాలు, ఫైల్ అక్కడ వచ్చి కూర్చుంటుంది. సాఫ్ట్‌వేర్‌లు ఉంచే ఫోల్డర్‌ని సిబ్బందికి రీడ్ ఓన్లీ చేయండి. విండోస్ సర్వర్‌లో ఫైల్ సర్వర్ రిసోర్స్ మేనేజర్‌తో ఆటోరన్.ఇన్ఫ్ సేవ్ కాకుండా ఫైల్ స్క్రీన్ పెట్టొచ్చు. లైనక్స్ సర్వర్‌లో షేరింగ్‌కి సాంబా వాడేవాళ్లకి వీటో ఫైల్స్ అనే ఒక్క లైను ఆ పేరుని కనబడకుండా చేస్తుంది. పైన చెప్పిన డినై ఎగ్జిక్యూట్ నెట్‌వర్క్ డ్రైవ్‌లకి వర్తించదు, అక్కడ అదే పని కావాలంటే ఏ ప్రోగ్రామ్ నడవాలో నిర్ణయించే విండోస్ యాప్‌లాకర్‌లో నియమాలు రాసుకోవాలి.

లైనక్స్ ల్యాబ్‌లకి పెద్ద బెంగ అక్కర్లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్ ఏ ప్రోగ్రామ్‌నైనా నడిపే ముందు అడుగుతుంది, ఆ అడగడం కూడా వద్దనుకుంటే మీడియా హ్యాండ్లింగ్‌లో ఆటోరన్ నెవర్ పెట్టొచ్చు.

విండోస్‌లో అంతా పెట్టాక ఒకసారి పరీక్షించండి. రీస్టార్ట్ చేసి, నమ్మకమైన చోట దించుకున్న ఏదైనా ఇన్‌స్టలేషన్ ఐఎస్ఓని డబుల్ క్లిక్‌తో మౌంట్ చేయండి. సెటప్ నడపనా అనే ప్రశ్న రాకూడదు. ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే 'ఇన్‌స్టాల్ ఆర్ రన్ ప్రోగ్రామ్ ఫ్రమ్ యువర్ మీడియా' అనే వరుస ఉండకూడదు. ఇంకా ఉంటే, 255ని లోకల్ మెషీన్‌కి బదులు కరెంట్ యూజర్ కింద పెట్టారేమో, హెక్సాడెసిమల్‌లో కొట్టారేమో చూసుకోండి.