స్ట్రక్చరల్ ఎం.టెక్.: చదివి, వాడి చూశాక

సివిల్ ఇంజనీరింగ్‌లో కట్టడాల డిజైన్ నేర్పే స్ట్రక్చరల్‌లో ఎం.టెక్. చేయాలా అని నల్లగొండ పిల్లలెవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒకటే: ఎం.టెక్. ప్రవేశానికి దేశమంతా రాసే పరీక్ష, గేట్ రాశావా? గేట్ స్కోరుతో చేరితే నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వస్తుంది, రెండేళ్లు ఇంట్లో చేయి చాపకుండా నెట్టుకురావచ్చు. గేట్ లేకుండా రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్‌తో చేరితే ఆ స్కాలర్‌షిప్ రాదు. జీతం మీద మరీ ఆశ పెట్టుకోకండి. నేను చదువు ముగించి చేరేసరికి, బీ.టెక్. కాగానే సైటెక్కిన నా దోస్తులు నాకంటే ఎక్కువే తీసుకుంటున్నారు.

ఈట్యాబ్స్, స్టాడ్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ల కోసమైతే అసలే చేరొద్దు. అమీర్‌పేటలో కొన్ని వారాల్లో వచ్చేస్తాయి. కట్టడాన్ని చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ సబ్జెక్టులో, మూడు నోడ్ల (మూలల) త్రికోణపు ముక్కకు ఆరు అడ్డం, ఆరు నిలువు మాట్రిక్స్ చేత్తో కట్టించినప్పుడు మాకు ప్రాణం పోయేది. ఇవాళ కంప్యూటర్ ఇచ్చిన మూమెంట్, అంటే దూలాన్ని వంచే ప్రభావం, తేడాగా ఉంటే అనుమానం వచ్చేది ఆ చాకిరీ వల్లే.

ఒక కొరత మాత్రం ఉండిపోయింది. 124 మీటర్ల ఎత్తున రాతితో కట్టిన నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉంది. మా కాలేజీ రెండేళ్లలో ఒక్కసారీ అటు తీసుకెళ్లలేదు. పాఠమంతా ఆర్‌సీసీయే, అంటే ఇనుప రాడ్లు వేసిన కాంక్రీటే. రాతిగోడల ఇళ్లున్న ఊళ్ల నుంచి వచ్చినవాళ్లం, రాతి కట్టడం ఊసే వినలేదు.

బాగా అక్కరకొచ్చింది స్ట్రక్చరల్ డైనమిక్స్, అంటే కట్టడాలు ఊగే తీరు చెప్పే పాఠం. 2016 నాటి భూకంప కోడ్ ఐఎస్ 1893 ప్రకారం నల్లగొండ పట్టణం, మహబూబ్‌నగర్ జోన్ 2లో, అంటే అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న ప్రాంతంలో ఉన్నాయి; లెక్కలో వాడే జోన్ ఫ్యాక్టర్ 0.10. మనకు భూకంపమెక్కడిదని క్లాసులో నవ్వుకునేవాళ్లం. ఇప్పుడు మా పట్టణంలో లేస్తున్న అపార్ట్‌మెంట్లలో కింద కారు పార్కింగ్, అంటే ఉత్త పిల్లర్లే. పైన ఇటుక గోడలు. పైభాగం గోడలతో బిగుసుకుపోతుంది, ఊగితే ఊపంతా కింది పిల్లర్లు మోయాలి. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో ఇలాంటివే చాలా కూలాయి.

ఆ పిల్లర్లలో నిలువు రాడ్లను చుట్టే రింగుల చివర కొక్కెం 135 డిగ్రీలు వంచాలంటుంది, భూకంపాన్ని తట్టుకునేలా రాడ్లు ఎలా కట్టాలో చెప్పే కోడ్ ఐఎస్ 13920. 2016 నాటి ఆ కోడ్ ప్రకారం జోన్ 2లో అది తప్పనిసరి కాదు. కాబట్టి మేస్త్రి ముందు కోడ్ చూపిస్తే లాభం లేదు. “ముప్పై ఏండ్ల సంది గిట్లనే కడుతున్న సారూ, ఒక్కటన్న వడ్డదా?” అన్నాడొక మేస్త్రి. కాగితం మీద గీసి చెప్పాను: రింగుల మీది కవర్ కాంక్రీట్ రాలగానే 90 డిగ్రీల కొక్కెం విచ్చుకుంటుందని, లోపలి రాడ్లు బయటికి ఉబ్బుతాయని. కాసేపు చూసి, రింగు తిప్పి తిప్పి పట్టుకున్నాడు. ఆ బిల్డింగుకు పార్కింగ్ పిల్లర్ల వరకు 135 వంచారు. పై అంతస్తుల్లో మళ్లీ పాత 90లే.