పటం కట్టించడం: అనంతపురం ఎండల్లో పదేళ్ళు వాడి చెబుతున్న మాట

మా ఇంటి గోడల మీద పదేళ్ళకు పైగా రకరకాల ఫ్రేములు ఉన్నాయి. టేకువి, ఫైబర్ బీడింగువి (బీడింగు అంటే ఫ్రేము చుట్టూ ఉండే పట్టీ), అల్యూమినియంవి, ఆన్‌లైన్‌లో సెట్టుగా తెప్పించినవి, స్టూడియో వాళ్ళు లామినేషన్ చేసి ఇచ్చినవి అన్నీ వాడాను. అనంతపురం ఎండకు, దుమ్ముకు ఏది నిలుస్తుందో ఏది నిలవదో ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. కొత్తగా ఫ్రేములు కట్టించబోయేవాళ్ళకు నేను ముందుగా చెప్పేది ఇది: బీడింగు నగిషీకి పెట్టే డబ్బులో కొంత తగ్గించి మౌంటుకీ అద్దానికీ పెట్టండి. గోడ మీద మన అభిరుచి కనిపించేది అక్కడే.

మౌంటు అంటే బొమ్మ చుట్టూ ఖాళీగా కనిపించే దళసరి అట్ట. మన వైపు పటాలు కట్టే అంగళ్ళలో అడిగితే తప్ప వెయ్యరు. ఎనిమిది బై పది ఫోటో తీసుకెళ్తే ఎనిమిది బై పది ఫ్రేమే కట్టిస్తారు, ఫోటో అంచు దగ్గరే బీడింగు మొదలవుతుంది. నేను మొదటిసారి ఆ సైజు ఫోటోకు చుట్టూ రెండున్నర అంగుళాల మౌంటు వెయ్యమంటే, పాతూరులో మాకు ఎప్పుడూ పటాలు కట్టే భాయ్ ఒప్పుకోలేదు.

"అంత ఖాళీ ఎందుకు మేడమ్? ఫోటో చిన్నగా కనపడతాది, ఖర్చు కూడా ఎక్కువైతాది" అన్నాడు.

"కానీలే భాయ్, ఒకటి చేసి చూద్దాం" అన్నాను.

కట్టినాక అంగడి గోడకు ఆనించి ఇద్దరం కాసేపు చూశాం. "కింద ఇంకొంచెం వదిలుంటే బాగుండేది" అని ఆయనే అన్నాడు. ఆ మాట నిజం. నాలుగు వైపులా సమానంగా వదిలితే బొమ్మ కిందికి జారినట్టు కంటికి అనిపిస్తుంది. అందుకే తెలిసినవాళ్ళు కింద వైపు అర అంగుళం ఎక్కువ వదులుతారు. అప్పట్నించి మా ఇంట్లో మౌంటు వేయించినవాటన్నింటికీ కింద అలా కొంచెం ఎక్కువే వదిలిస్తున్నాను. చిన్న బొమ్మకు పెద్ద ఖాళీ ఇస్తే చూసేవాళ్ళు దగ్గరికొచ్చి నిలబడతారు. మా నాయన పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి, ఆయన ఉద్యోగంలో చేరినప్పటిది, ఇప్పుడు పన్నెండు అంగుళాల ఫ్రేములో ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగుతారు.

మౌంటు ఇంకో పని కూడా చేస్తుంది, అందం కన్నా అదే ముఖ్యం. ఫోటోను అద్దానికి తగలనివ్వదు. మా చిన్నాన్న వాళ్ళ ఇంట్లో పెళ్ళి ఫోటో ఒకటి అద్దానికి అతుక్కుపోయింది. మెరుపు కాగితం మీద తీసిన ఫోటో పైపొర గాలిలోని చెమ్మకు మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది. తర్వాత ఊడదీస్తే ముఖాల దగ్గరే పొర లేచిపోతుంది. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఊడదీయకండి. అద్దంతో పాటే స్కాన్ చేయించి కొత్త ప్రింటు తీయించుకోవడం మేలు. ఇక మౌంటు అట్టలోనూ రకాలున్నాయి. మామూలు అట్టలో ఆమ్లం ఉంటుంది. కొన్నేళ్ళకు బొమ్మ చుట్టూ గోధుమ రంగు గీత పడుతుంది, ఆ మరక పోదు. ఆమ్లం లేని అట్ట అని అడిగి తీసుకోవాలి. చిన్న ఊళ్ళలో వెంటనే దొరకదు, బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించమనాలి. తిరిగి తెచ్చుకోలేని కాగితాలకు అది తప్పనిసరి. కంప్యూటర్లో ఫైలున్న ఫోటోలకు అంత అవసరం లేదు, పాడైతే ఇంకో ప్రింటు తీయించుకోవచ్చు.

బీడింగు విషయానికొస్తే, బంగారు రంగు పూలూ తీగలూ ఉన్న ఫైబర్ బీడింగు మన అంగళ్ళలో ఎక్కువ. దాన్ని నేను పూర్తిగా కాదనను. చెదలు పట్టదు, తేలిక, తడిగుడ్డతో తుడవొచ్చు. దేవుడి పటాలకు కుంకుమ, నీళ్ళు తగులుతూనే ఉంటాయి కాబట్టి పూజగదిలో ఇప్పటికీ అదే వాడుతున్నాను. హాల్లో మాత్రం వద్దు. ఎక్కడైనా చిన్న దెబ్బ తగిలితే లోపలి తెల్లటి ఫోము బయటపడుతుంది, మూలల దగ్గర బంగారు పొర లేస్తుంది. పైగా అంత నగిషీ పక్కన లోపలి బొమ్మ వెలవెలబోతుంది.

టేకు నాకు చాలా ఇష్టం. ముప్పాతిక అంగుళం వెడల్పు, ముదురు గోధుమ పాలిష్, ఏ నగిషీ లేకుండా. మా ఇంట్లో సగానికి పైగా ఇవే. కానీ ఇక్కడ వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అనంతపురానికి ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూనే. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, కర్రలోని తేమంతా లాగేస్తుంది. కర్ర పొడవునా పెద్దగా తగ్గదు, అడ్డంగా తగ్గుతుంది. అందుకే 45 డిగ్రీల కోతతో కలిపిన మూలలు మే నెలకు లోపలి వైపు సన్నగా విచ్చుకుంటాయి, వానలు పడ్డాక మళ్ళీ కలుస్తాయి. బాగా ఆరిన కర్రకు ఇది తక్కువ, పచ్చి కర్రకు ఎక్కువ. బీడింగు ఎంత వెడల్పైతే ఆ సందు అంత బాగా కనిపిస్తుంది. సన్న బీడింగు ఎంచుకోమనడానికి నాకున్న ఇంకో కారణం అది. మూలను బంకతో పాటు లోపలి వైపు మేకుతో కూడా బిగించారో లేదో ఫ్రేము తిరగేసి చూడండి. అల్యూమినియానికి ఈ గొడవ లేదు. నల్లది, సన్నది తీసుకుంటే పిల్లలు వేసిన బొమ్మలకు, మ్యాపులకు బాగా నప్పుతుంది. పాత నలుపు తెలుపు ఫోటోలకు మాత్రం నా కంటికి చల్లగా, ఆఫీసులో పెట్టినట్టుగా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో వచ్చే సెట్లు, ఒకే రంగులో ఆరో ఏడో ఫ్రేములు, గోడను త్వరగా నింపేస్తాయి. మేము తెప్పించిన సెట్టులో అద్దం బదులు పల్చటి ప్లాస్టిక్ షీటు వచ్చింది. రెండేళ్ళకే అది పచ్చబడి, మధ్యలో ఉబ్బింది. వెనక తిప్పే ఇనుప రేకులు కొన్ని ఊడిపోయాయి. ఫ్రేములు పారెయ్యలేదు. భాయ్ దగ్గర రెండు మిల్లీమీటర్ల అద్దాలు కోయించి వేయించాను, ఇప్పుడు బాగానే ఉన్నాయి. మంచి అక్రిలిక్ వేరే సంగతి. అద్దంలో సగం బరువే ఉంటుంది, అంత సులువుగా పగలదు, పిల్లలున్న గదికి మంచిది. కానీ గీతలు పడతాయి, పొడి గుడ్డతో తుడిస్తే దుమ్మును ఇంకా లాక్కుంటుంది. స్టూడియోల లామినేషన్ ఫోటోల గురించి ఎక్కువ చెప్పను. ఫోటోను బోర్డుకు శాశ్వతంగా అంటిస్తారు కాబట్టి అంచు లేచిందంటే బాగుచేసే దారి లేదు.

వెలుతురు పడినా మెరవకుండా ఉండే గరుకు అద్దం గురించి ఒక హెచ్చరిక. అంగట్లో దాన్ని బొమ్మకు ఆనించి చూపిస్తారు, బ్రహ్మాండంగా ఉంటుంది. మౌంటు వేశాక అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ వస్తుంది, ఆ ఖాళీ పెరిగేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. మౌంటు వేసేట్టయితే మామూలు అద్దమే మంచిది. మెరుపు ఇబ్బందిగా ఉంటే పటాన్ని కిటికీకి ఎదురుగోడ మీద కాకుండా పక్క గోడ మీద తగిలించండి. మన పాత ఇళ్ళలో గుమ్మం పైన పటాలను ముందుకు వంచి కట్టేవాళ్ళు కదా, కింద నిలబడ్డవాళ్ళకు ముఖాలు బాగా కనిపించేవి, అద్దం మీద మెరుపూ తగ్గేది. మా అవ్వ వాళ్ళ ఇంట్లోని వరుసను అలాగే వంచి ఉంచాం.

ఇంట్లో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టింది తోలుబొమ్మ ఫ్రేము. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ కొన్న హనుమంతుడి బొమ్మ మా దగ్గర ఉంది. మేకతోలును పల్చగా, వెలుతురు దూరేలా చేసి, గీతలు గీసి, రంగులు వేసి, నగల దగ్గర ఉలితో చిన్న చిన్న రంధ్రాలు కొడతారు. వెనక దీపం ఉన్నప్పుడు ఆ రంధ్రాలే నగల్లా మెరుస్తాయి. చాలామంది దీన్ని నల్ల వెల్వెట్ గుడ్డ మీద అంటించి ఫ్రేము కట్టిస్తారు. అంటించగానే ఆ బొమ్మ గుణం పోతుంది. వెలుతురు వెనకనుంచి రాకపోతే ఎరుపు గోధుమగా, ఆకుపచ్చ నల్లగా కనిపిస్తాయి.

మాది రెండు అక్రిలిక్ షీట్ల మధ్య, అంగుళం లోతున్న పెట్టె ఫ్రేములో ఉంది. వెనక పలక లేదు. చుట్టూ లోపలి అంచుకు ఎల్‌ఈడీ పట్టీ పెట్టించాం. పాత రకం బల్బు వద్దు, ఆ వేడికి తోలు బిరుసెక్కుతుంది. బొమ్మను ఎక్కడా బంకతో అంటించలేదు. తలకిరీటం దగ్గర, భుజాల దగ్గర ముందే ఉన్న రంధ్రాల్లోంచి సన్నటి దారం తీసి పై షీటుకు కట్టాం, కాళ్ళు వదిలేశాం. ఎందుకో మొదటి వేసవిలోనే అర్థమైంది. మే నెలలో తోక కొస, ఒక పాదం లోపలికి ముడుచుకున్నాయి. ఆగస్టు నాటికి వాటంతటవే సాగి సర్దుకున్నాయి. ఏటా ఇదే జరుగుతోంది. నాలుగు వైపులా అంటించి ఉంటే ఆ లాగుడుకు తోలు ఎక్కడో ఒకచోట చిరిగేది. పెట్టె కింది అంచున గాలి ఆడటానికి రెండు చిన్న రంధ్రాలు వదిలి, పురుగులు రాకుండా జాలీ వేయించాను. రాత్రి హాల్లో లైటు ఆపి అది ఒక్కటే వేస్తే గోడ మీద హనుమంతుడి కిరీటం చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. మా ఇంట్లో నాకు అన్నింటికన్నా ఇష్టమైన ఫ్రేము ఇదే, ఎవరడిగినా మొదట దీన్నే చూపిస్తాను.

అవ్వ ధర్మవరం పట్టుచీర కొంగు ముక్క కూడా ఇలాంటి ఆలోచనతోనే కట్టించాం. బంక లేదు, టేపు లేదు. ఉతికిన నూలు గుడ్డ మీద పట్టుదారంతో వదులుగా కుట్టి, ఆ గుడ్డను బోర్డుకు చుట్టాం. కొంగులోని నెమళ్ళు రెండు పూర్తిగా కనిపించేలా కొలత పెట్టాం, అంచు మడవలేదు. మడిచినచోట జరీ విరుగుతుంది. ఆ ఫ్రేము పక్కన ఇంకేమీ తగిలించలేదు. అవ్వ పచ్చిమిర్చి రంగు చీరలు కట్టేది, ఆ రంగు ఒక్కటి గోడ మీద ఉంటే చాలు అనిపించింది.

మనుషుల ఫోటోల దగ్గర మన ఆచారాలు కూడా చూసుకోవాలి. ఒక్కరి ముఖం పెద్దదిగా, మధ్యలో, నిలువు ఫ్రేములో పెడితే చూసేవాళ్ళకు దండ లేకపోయినా దండ గుర్తొస్తుంది. పోయినవాళ్ళ పటాలు దక్షిణపు గోడకు పెట్టడం చాలా ఇళ్ళలో అలవాటు. మా అత్తమ్మ ఫోటో పెట్టాలనుకున్నప్పుడు ఆమె ఆ ఇబ్బందినే చెప్పింది. అందుకని ఆమె శనక్కాయలు ఒలుస్తూ పక్కింటివాళ్ళతో నవ్వుతున్న ఫోటో, అడ్డంగా ఉన్నది, ఎంచుకున్నాం. మీగడ రంగు మౌంటు వేసి వంటింటి దారిలో పెట్టాం. ఆమెకు బాగా నచ్చింది, వచ్చినవాళ్ళకు తనే చూపిస్తుంది.

ఎండ నేరుగా పడే పడమటి గోడకు రంగు ఫోటోలు పెట్టకండి. లేపాక్షి వీరభద్రాలయంలో కప్పు మీది చిత్రాల ఫోటో ఒకటి మొదట ఆ గోడకే ఉండేది. ఆ చిత్రాలు పదహారో శతాబ్దానివి. మట్టి ఎరుపులు, నల్లటి గీతలు, చీరల అంచులు ఇప్పటికీ తెలుస్తున్నాయి. మా ప్రింటు మాత్రం మూడేళ్ళకే వెలిసిపోయింది. మామూలు అద్దం అతినీలలోహిత కిరణాలన్నింటినీ ఆపలేదు. వాటిని ఆపే అద్దాలు ఉన్నాయి, ధర ఎక్కువ. వాటికన్నా గోడ మార్చడం చవక. కొత్త ప్రింటు ఇప్పుడు లోపలి గదిలో ఉంది. పాత ఫోటోల అసలు ప్రతులను పెట్టెలో దాచి, గోడకు కాపీలు పెట్టడం అన్నింటికన్నా క్షేమం.

తగిలించేటప్పుడు నేల నుంచి పటం మధ్య భాగం వరకు 57 అంగుళాలు కొలిచి పెడుతున్నాను, నిలబడి చూసేవాళ్ళకు అది కంటి ఎత్తు. మన ఇళ్ళలో ఎక్కువగా చాలా పైన కొడతారు. అంటించే హుక్కులు డిస్టెంపర్ వేసిన గోడకు పనికిరావు, సున్నపు పొరతో సహా ఊడొస్తాయి. బరువున్న ఫ్రేముకు రంధ్రం వేసి ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించాల్సిందే. అద్దె ఇంట్లో ఉన్నవాళ్ళు ఓనరు పాత మేకులనే వాడుకుని, మిగతావి బల్ల మీద గోడకు ఆనించి పెట్టుకోవచ్చు, అదీ బాగుంటుంది. తుడిచేటప్పుడు ద్రావణం గుడ్డ మీద చల్లుకోండి, అద్దం మీద చల్లితే కింది అంచునుంచి లోపలికి దిగి మౌంటుకు మరక చేస్తుంది.

డబ్బు కొంచమే ఉంటే ఆరు ఫ్రేముల సెట్టు కొనకండి. మంచి టేకు ఫ్రేము ఒకటి, మౌంటుతో, వెనక మేకులు కాకుండా తిప్పి తీసే క్లిప్పులతో కట్టించుకోండి. మౌంటు మధ్యలో బొమ్మ కనిపించే కిటికీ కొలత ఎనిమిది బై పదికి సరిపడా పెట్టించుకుంటే ఆ సైజులో ఏ బొమ్మైనా మార్చుకోవచ్చు. మా హాల్లో టీవీ పక్కనున్నది అలాంటిదే. ఉగాదికి, దసరాకు దులిపేటప్పుడు బొమ్మ మారుస్తాం. ఈ దసరాకు మా పాప గీసిన టవర్ క్లాకు బొమ్మ వేస్తున్నాం, దానికి మౌంటు రంగు తనే ఎంచుకుంది.