కిలో అడిగితే సేరు ఇచ్చారు: మా రైతు బజార్ గురించి

వారానికి రెండుసార్లు పోయే చోటు కాబట్టి రాస్తున్నా. పాలమూరు జిల్లాలోదే, ఊరి పేరు ఎందుకులెండి. పొద్దున ఆరున్నరకల్లా వెళ్తే పుంటికూర, గోకరకాయ, అనపకాయ తడి ఆరకముందే దొరుకుతాయి. తొమ్మిది దాటాక పోతే నలుగురూ ఏరి వదిలేసినవే మిగులుతాయి.

ధరల బోర్డుకు వంక పెట్టలేను. గేటు పక్కనే ఉంటుంది, రోజూ తుడిచి కొత్తగా రాస్తారు. 1999లో రైతు బజార్లు మొదలైనప్పటి లెక్కే ఇప్పటికీ: రైతుకు హోల్‌సేల్ ధర కంటే కొంత ఎక్కువ, మనకు బయటి చిల్లర ధర కంటే తక్కువ, మధ్యలో అడ్తి దళారి లేడు. బోర్డు మీద ఉన్నదానికి ఒక్క రూపాయి ఎక్కువ అడిగినవాళ్లు నాకు తగల్లేదు.

తూకం దగ్గరే తిరకాసు వచ్చింది. మొన్న ఆదివారం కిలో చిక్కుడుకాయ తీసుకున్నా. సంచి చేతికి తేలిగ్గా తగిలింది. అందరికీ తెలియకపోవచ్చు గానీ, మాది తూకాల ఇల్లు. మా తాత నిజాం కాలంలో సంత దారోగా. తైబజారు, అంటే సంతలో అమ్ముకునేవాళ్లు కట్టే రుసుము, వసూలు చేయడం, గంపల వరుసలు సరిచేయడం, తగాదాలు తెంపడం ఆయన పని. జీతం నిజాం నాణేలైన హాలి సిక్కాల్లో, లెక్క అప్పటి సర్కారు ఫసలీ సంవత్సరాల్లో. సంతకు పోతే సంచిలో సొంత సేరు రాయి, అంటే పాతకాలం తూకపు రాయి, ఉండాల్సిందేనట. తరాజు కనబడితే ముందు సరుకు పెట్టే తట్టను బోర్లించి అడుగు చూసేవాడు, చింతపండు ముద్ద ఏమన్నా అంటించారేమోనని. "రాళ్లు అందరియి మంచిగనే ఉంటయిరా, మోసం తట్ట కింద ఉంటది" అనేవాడు.

ఇంటికొచ్చి వంటింటి కాంటా మీద పెడితే 930 గ్రాములు. అనుమానంతో తాత ఇత్తడి సేరు రాయి కూడా పెట్టా. 80 తులాల సేరు కదా, 933 చూపించింది. మా ఆవిడ ఒకటే నవ్వు: "మీ తాత లెక్కల సరిగ్గనే ఇచ్చిండ్రు గదా!"

మర్నాడు సంచి పట్టుకుని బజారును చూసుకునే ఎస్టేట్ ఆఫీసర్ దగ్గరికి పోయా. కుర్రాడే. వాదించలేదు, కసురుకోలేదు, లేచి నాతో దుకాణం దాకా వచ్చాడు. కాంటా మంచిదే, ఈ ఏటి ముద్ర కూడా ఉంది. తేడా అంతా దాని మీద పెట్టిన ప్లాస్టిక్ గిన్నెలో ఉంది. ఖాళీ గిన్నె పెట్టి చూస్తే 70 గ్రాములు. చిక్కుడుకాయ అమ్మినామె గిన్నెతో సహా కిలో తూచి, సరుకు మాత్రం నా సంచిలో ఒంపింది. "పొద్దున గిన్నె పెట్టి సున్న చేసిన సారూ, కరెంటు పోయొచ్చినంక మర్శిపోయిన" అంది. నిజమే కావచ్చు, కాంటా ఆరి వెలిగితే గిన్నె లెక్క మర్చిపోతుంది. రెండు గుప్పిళ్లు అదనంగా వేసింది. నేను ఒక్క గుప్పెడే తీసుకున్నా.

ఇంకో లోటు నీడ. హైదరాబాద్‌లో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌ను మా తాత పట్నం పోయి చూసొచ్చాడు. గడియారం ఎట్లుంది అని అందరూ అడుగుతుంటే, "అమ్మేటోళ్లకు నీడ దొరికింది" అన్నాడట. ఇక్కడ షెడ్డు కాయగూరల వరుసతోనే ఆగిపోయింది. ఆకుకూరల ఆడవాళ్లు గొడుగు కింద కూర్చుని గంటకోసారి కొత్తిమీర మీద నీళ్లు చల్లుకుంటారు. ఆ నీళ్ల బరువూ మన సంచిలోకే, కానీ దానికి వాళ్లనేం అంటాం.

ఐదుకి మూడున్నర ఇస్తున్నా. గేటు దగ్గర జనం తూచి చూసుకోవడానికి ఒక కాంటా పెట్టమని ఆ ఆఫీసర్‌ను అడిగా, పెడతానన్నాడు. పెడితే ఇంకో అర కూడా ఇస్తా. మీరు పోతే కాంటా మీద ఖాళీ గిన్నె పెట్టించి సున్న చూడండి, ఎవరూ తప్పుగా అనుకోరు. చిక్కుడుకాయ మాత్రం లేతది, పీచు లేదు.