ప్లాస్టిక్ డ్రిప్ కాఫీ మేకర్: ఏళ్ల తరబడి వాడాక

పని సులువు చేయడంలో ఈ మెషీన్‌కు వంక పెట్టలేను. నీళ్లు పోసి, పొడి వేసి, స్విచ్ నొక్కితే స్నానం చేసి వచ్చేసరికి డికాక్షన్ రెడీ. కాస్త పల్చగా దిగుతుంది కాబట్టి పాలు తగ్గించి కలుపుకోవాలి, అంతే.

నా టెన్షన్ అంతా పొడి వేసే బుట్టతోనే. కొత్తలో నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు వేడినీళ్లు పడే చోట మెరుపు పోయింది, వేలితో తడిమితే గరుకుగా తగులుతోంది. పీచుతో తోమిన గీతలు సరేసరి. మొదట్లో ఒట్టి నీళ్లు ఎన్నిసార్లు దింపి పారబోసినా ప్లాస్టిక్ వాసన కొన్నాళ్లపాటు వదల్లేదు.

డబ్బా మీద ‘బీపీఏ ఫ్రీ’ అని, అంటే కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే, ఒంటికి మంచిది కాదని అనుమానించే బీపీఏ అనే రసాయనం ఇందులో లేదని, పెద్దక్షరాల్లో ఉంది. అందులో నాకు అనుమానం లేదు. బుట్ట అడుగున త్రికోణంలో 5 అంకె ఉంది, అంటే పాలీప్రొపిలీన్ రకం ప్లాస్టిక్. బీపీఏ గొడవ ప్రధానంగా మరో రకం ప్లాస్టిక్ అయిన పాలీకార్బనేట్‌ది. పైగా పాలీప్రొపిలీన్ కరగాలంటే దాదాపు 160 డిగ్రీల వేడి కావాలి. కానీ కరగనంత మాత్రాన ఏమీ రాలదని కాదు. డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ పరిశోధకులు ఇదే ప్లాస్టిక్‌తో చేసిన పిల్లల పాలసీసాలను పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించారు. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 6 లక్షల సూక్ష్మ రేణువులు రాలితే, 95 డిగ్రీల దగ్గర అవి సుమారు 5.5 కోట్లకు చేరాయి! మెషీన్‌లో పొడి మీద పడే నీళ్లూ ఇంచుమించు అంత వేడివే.

సీసాలో నీళ్లు పోసి ఊపుతారు, బుట్టలోంచి నిమిషాల్లో జారిపోతాయి కాబట్టి ఆ లెక్క యథాతథంగా దీనికి అంటగట్టను. ఆ రేణువులు ఒంట్లో ఎంత కీడు చేస్తాయన్నదీ ఇంకా తేలలేదు. అయినా రోజూ రెండు పూటలా ఇంటిల్లిపాదీ తాగే కాఫీ విషయంలో, తేలేదాకా ఆగడం నాకు ఇష్టం లేదు. చేతికి గరుకు తెలుస్తున్నప్పుడు మరీనూ.

అందుకే ఇంట్లో మామూలు కాఫీ మళ్లీ స్టీలు ఫిల్టర్‌కే మారింది. రాత్రే పొడి వేసి నీళ్లు పోసి పెడితే పొద్దున్నకు చిక్కటి డికాక్షన్ దిగి ఉంటుంది. మెషీన్ బంధువులు వచ్చినప్పుడే బయటికి వస్తోంది.

మెషీనే కావాలనుకునేవాళ్లు షాపులో మూత తీయించి చూడండి. జగ్గు గాజుదైతే చాలదు, బుట్ట స్టీలుదా, వేడినీళ్లు పైకి వచ్చే గొట్టం దేనితో చేశారు అని అడగండి. ప్లాస్టిక్ బుట్టే అయితే మెత్తటి స్పాంజితో కడగండి, గరుకు తేలగానే మార్చేయండి. బుట్ట విడిగా దొరకని మోడల్ మాత్రం తీసుకోకండి.