జింకల సీజన్‌కు ముందు సాధనకు .22: రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్ చాలాకాలం వాడాక

టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింకల జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. అక్టోబర్ చివర్లో ఏ రేంజికి వెళ్ళినా బెంచీల మీద ఇసుక సంచులు, వాటి మీద .308, 6.5 క్రీడ్‌మూర్ వేట రైఫిళ్ళు కనిపిస్తాయి. 100 గజాల దగ్గర మూడు తూటాలు కాల్చి, గ్రూపు (రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) బాగానే పడిందని చూసుకుని వెళ్ళిపోతారు. ఆ మూడు తూటాలు రైఫిల్ సంగతి చెబుతాయి గానీ కాల్చేవాడి సంగతి చెప్పవు. మోకాలి మీద కూర్చుని, గుండె దడదడలాడుతుండగా, పది సెకన్లలో కాల్చాల్సి వస్తే గురి నిలవాలంటే ముందు చేయి తిరగాలి. దానికి వందల తూటాలు కావాలి. అన్నీ .308తోనే కాల్చాలంటే భుజమూ ఓర్చుకోదు, జేబూ ఓర్చుకోదు.

అందుకే కొన్ని సీజన్లుగా నా వేసవి సాధన అంతా .22 ఎల్‌ఆర్ అనే చిన్న తూటా కాల్చే బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగే) రైఫిల్ మీదే. వాడేది రూగర్ అమెరికన్ రిమ్‌ఫైర్, 22 అంగుళాల బ్యారెల్ మోడల్. రిమ్‌ఫైర్ అంటే పిన్ను తూటా అడుగున అంచు మీద కొట్టేది; .308 లాంటివాటిలో మధ్యలో కొడుతుంది, అవి సెంటర్‌ఫైర్. ఇంతకంటే నున్నగా నడిచే బోల్టులు, ఇంతకంటే చిన్న గ్రూపులు వేసే .22లు మార్కెట్లో ఉన్నాయి. అయినా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఒకటే: వేటకు వాడేది రూగర్ అమెరికన్ .308. రెండింటికీ సేఫ్టీ ఒకే చోట, బొటనవేలు కిందే ఉంటుంది. ట్రిగ్గర్ రెండింటిలోనూ 3 నుంచి 5 పౌండ్ల మధ్య సర్దుకోవచ్చు. స్కోప్ లేకుండా రెండూ ఆరు పౌండ్ల చుట్టూ తూగుతాయి. ట్రిగ్గర్ గేజితో కొలిచి రెండింటినీ మూడున్నర పౌండ్లకు తెచ్చి పెట్టుకున్నాక, కళ్ళు మూసుకుని పట్టుకుంటే ఏది ఏదో చప్పున తెలియదు. సాధనకు కావలసింది ఇదే. మీ వేట రైఫిల్ వేరే కంపెనీదైతే దానికి దగ్గరగా ఉండే .22నే వెతుక్కోండి, ఈ మోడలే కావాలని లేదు. సేఫ్టీ వేరే చోట ఉన్న రైఫిల్‌తో ఎంత సాధన చేసినా, జింక ఎదురైన క్షణంలో వేలు తప్పుడు చోట తడుముకుంటుంది.

స్కోప్ విషయంలోనూ అదే లెక్క. రెండింటి మీదా 3-9×40, ఒకే రకం రెటికిల్ (లోపలి గురి గీతలు), కంటికి ఒకే దూరం. ఒక్క తేడా మాత్రం చూసుకోవాలి. కన్ను మధ్యలోంచి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడాన్ని పారలాక్స్ అంటారు. అది లేని దూరం సెంటర్‌ఫైర్ స్కోపులకు సాధారణంగా 100 గజాలకో 150 గజాలకో కట్టేసి వస్తుంది. రిమ్‌ఫైర్ స్కోపులకు 50, 60 గజాలకు. 100 గజాల 40 మిల్లీమీటర్ల స్కోప్‌ను తెచ్చి .22 మీద పెట్టి 50 గజాల దగ్గర కాలిస్తే, కన్ను మధ్యలో లేనప్పుడు గురి సుమారు 10 మిల్లీమీటర్ల వరకు తప్పవచ్చు. ట్రిగ్గర్ లాగడంలో తప్పు చేశామనుకుని ఆ లోపాన్ని వెతుకుతూ పెట్టెలు పెట్టెలు ఖర్చుపెట్టేవాళ్ళు ఉన్నారు. .22కు రిమ్‌ఫైర్ స్కోపే కొనండి. చెంప ఆనే ఎత్తు సరిపోకపోతే ఈ రైఫిల్‌కు స్టాక్ (భుజానికి ఆనించే పిడి) వెనక భాగం మార్చుకునే వీలుంది. స్కోప్ వాడేవాళ్ళు ఎత్తు ఎక్కువున్న ముక్క బిగించుకోవాలి. గడ్డం ఆనించి మెడ సాచి చూడాల్సి వస్తుంటే సెటప్ ఇంకా కుదరలేదన్నమాట.

తూటాల దగ్గర .22కు పట్టింపు ఎక్కువ. ఒక రైఫిల్‌లో అరంగుళం గ్రూపు వేసే తూటా పక్క రైఫిల్‌లో అంగుళంన్నర వేస్తుంది. నాలుగు రకాలు యాభైల పెట్టెల్లో తెచ్చుకుని, ఒక్కో రకంతో ఐదేసి తూటాల గ్రూపులు 50 గజాల దగ్గర వేసి చూడండి. రకం మార్చినప్పుడు మొదటి పది పన్నెండు తూటాలు లెక్కలోకి తీసుకోవద్దు. కొత్త తూటా మీది మైనం బ్యారెల్‌కు పట్టేదాకా గ్రూపు కుదురుకోదు. నేను స్థిరపడింది సీసీఐ స్టాండర్డ్ వెలాసిటీ, బరువు 40 గ్రెయిన్లు (సుమారు 2.6 గ్రాములు), వేగం సెకనుకు 1070 అడుగులు. వేగం ఎక్కువైతే మేలనుకుంటారు గానీ సాధనకు అది నిజం కాదు. సెకనుకు 1235 అడుగుల తూటా దారిలో ధ్వని వేగం దాటి కిందికి దిగుతుంది, ఆ క్రమంలో వేగం ఎక్కువగా కోల్పోతుంది, గాలికి ఎక్కువ పక్కకు పోతుంది. గంటకు 10 మైళ్ళ అడ్డగాలిలో 100 గజాల దగ్గర స్టాండర్డ్ తూటా 4 అంగుళాల దాకా జరిగితే, ఇది 5 అంగుళాల దాకా జరుగుతుంది.

ఆ నాలుగు అంగుళాలే .22 నేర్పే పెద్ద పాఠం. 150 గ్రెయిన్ల .308 అదే గాలిలో అంత జరగాలంటే 200 గజాలు దాటాలి. గడ్డి ఎటు వంగుతోందో చూడకుండా .22తో 100 గజాల దగ్గర కాగితం ప్లేటును కూడా నమ్మకంగా కొట్టలేరు. ఇక కిందికి పడటం సంగతి. 50 గజాలకు జీరో చేస్తే, అంటే ఆ దూరంలో గురి పెట్టిన చోటే తూటా పడేలా స్కోప్ సర్దితే, 100 గజాల దగ్గర తూటా సుమారు 7 అంగుళాలు కిందికి పోతుంది. పావు ఎంఓఏ స్కోప్‌లో (ఒక్కో క్లిక్కుకు 100 గజాల దగ్గర సుమారు పావు అంగుళం జరిపేది) దాదాపు 28 క్లిక్కులు పైకి తిప్పాలి. జీరో చేసేటప్పుడు అంగుళం జరపడానికి 100 గజాల దగ్గర 4 క్లిక్కులు చాలు, 50 దగ్గర 8, 25 దగ్గర 16 కావాలి. ఈ లెక్క తెలియక 25 గజాల దగ్గర నాలుగేసి క్లిక్కులు తిప్పుతూ స్కోప్ పాడైందనుకునేవాళ్ళు ప్రతి సీజన్‌లో కనిపిస్తారు.

టార్గెట్ ఎంత ఉండాలో కూడా లెక్కలోనే ఉంది. వైట్‌టెయిల్ గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు 8 అంగుళాలు. 100 గజాల దగ్గర ఆ 8 అంగుళాలు 50 గజాల దగ్గర 4, 25 దగ్గర 2 అంగుళాలు అవుతాయి. 200 గజాల జింక కావాలంటే 25 గజాల దగ్గర ఒక్క అంగుళం చుక్క. ఇండోర్ రేంజిలో కూడా సాధన సాగడానికి ఇదే వీలు. కాగితం మీద సున్నా గీసి లోపల పడిందా లేదా అన్నదే చూడండి, గ్రూపు కొలవద్దు. పది తూటాల్లో తొమ్మిది లోపల పడని భంగిమ నుంచి ఆ దూరంలో జింక మీద కాల్చకూడదు. అమెరికాలో రైఫిల్ కాల్చడం నేర్పే ప్రాజెక్ట్ యాపిల్‌సీడ్ వాళ్ళ పరీక్ష కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది: 25 మీటర్ల దగ్గర చిన్న టార్గెట్లు, నిలబడి, కూర్చుని, పడుకుని 40 తూటాలు, 250కి 210 పాయింట్లు. దొరికితే ఒక వారాంతం వెళ్ళిరండి. గడియారం పెట్టి కాల్పించేసరికి ఎవరి లోపం ఎక్కడుందో అక్కడే బయటపడుతుంది.

నిలబడి కాల్చడం కష్టమైనదే గానీ టెక్సస్ వేటలో అక్కరకొచ్చేది తక్కువ. ఎక్కువమంది బాక్స్ బ్లైండ్‌లో (వేటగాడు దాక్కునే పెట్టె లాంటి చిన్న గదిలో) కుర్చీ మీద కూర్చుని కిటికీ అంచున రైఫిల్ ఆనించి కాలుస్తారు. అందుకే రేంజిలో బెంచీ పక్కన పెట్టి, మడత కుర్చీ తెచ్చుకుని, ముందు ఒక చెక్క అంచు అమర్చుకుని కాల్చండి. చెక్క మీద ఆనాల్సింది స్టాక్ ముందు భాగం, బ్యారెల్ కాదు. బ్యారెల్ ఆనితే తూటా ఆ చోటుకు ఎదురు దిక్కున, చాలాసార్లు పైకి, పోతుంది. ఈ ధర రైఫిళ్ళ ప్లాస్టిక్ స్టాక్ కొంచెం వంగుతుంది కాబట్టి గట్టిగా అదిమినా బ్యారెల్‌కు తగిలే ప్రమాదం ఉంది. మడిచిన టవల్ వేసి తేలిగ్గా ఆనించండి. కుడి మోచేయి గాలిలో వేలాడుతుంటే గురి అడ్డంగా ఊగుతుంది. ఒళ్ళో బ్యాగు పెట్టుకుని మోచేతికి ఆధారం ఇస్తే ఊగడం ఎంత తగ్గుతుందో స్కోప్‌లోనే కనిపిస్తుంది.

కాల్చాక కదలకుండా ఉండటం .22తోనే బాగా పట్టుబడుతుంది. నెమ్మదైన తూటా బ్యారెల్‌లో .308 తూటాకు దాదాపు రెండింతల సేపు ఉంటుంది. ఆలోపు తల ఎత్తితే, వేలు వదిలేస్తే, ఆ కదలిక కాగితం మీదికి ఎక్కుతుంది. ట్రిగ్గర్ వెనక్కి పట్టుకునే ఉండి, చుక్క మళ్ళీ క్రాస్‌హెయిర్ మీద కూర్చునేదాకా చూడండి. హైదరాబాద్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకుని వచ్చినవాళ్ళకు ఈ అలవాటు ముందే ఉంటుంది. వాళ్ళు కొత్తగా నేర్చుకోవాల్సింది బిగుతు జాకెట్టు లేకుండా, కొద్ది సెకన్లలోనే కాల్చడం.

ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో సాధన చేసేటప్పుడు తూటాలు వేరే గదిలో ఉండాలి. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. చాలా .22ల్లో పిన్ను ఛాంబర్ అంచును కొట్టి గుంట చేస్తుంది కాబట్టి మాన్యువల్ ఒప్పుకుంటేనే ఖాళీగా కాల్చాలి. అయినా 4 నంబర్ ప్లాస్టిక్ డ్రైవాల్ యాంకర్ (గోడలో స్క్రూ కోసం పెట్టే ప్లాస్టిక్ తొడుగు) లోపల పెడితే నిశ్చింత. ఇక రేంజిలో తూటా పేలకపోతే బ్యారెల్ మూతిని టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగి బోల్ట్ తెరవండి. రిమ్‌ఫైర్‌లో ఇది మామూలే.

ఇక .22 చేయలేనివి. మొదటిది, అది భుజాన్ని తన్నదు. వేసవంతా చక్కగా కాల్చినవాళ్ళు .308 పట్టుకోగానే ఉలికిపడి ట్రిగ్గర్ లాగేస్తారు. దీనికి మందు ఒకటే. స్నేహితుడిని కొన్నిసార్లు అసలు తూటా, కొన్నిసార్లు స్నాప్ క్యాప్ (పేలని డమ్మీ తూటా) పెట్టి రైఫిల్ చేతికి ఇమ్మనండి. ఏముందో మీకు తెలియకూడదు. స్నాప్ క్యాప్ మీద క్లిక్‌మన్నప్పుడు బ్యారెల్ మూతి కిందికి దూకితే ఉలికిపాటు పోలేదన్నట్టే. రెండోది బోల్ట్. .22లో బోల్ట్ ప్రయాణం చాలా చిన్నది. ఆ అలవాటుతో .308ను సగం వెనక్కి లాగి తోస్తే ఖాళీ కేసు బయటపడదు, రెండో తూటా ఎక్కదు. సెప్టెంబర్ నుంచి డమ్మీ తూటాలతో .308 బోల్ట్‌ను ఆగేదాకా వెనక్కి లాగే సాధన విడిగా చేయాలి. మూడోది చట్టం. టెక్సస్‌లో జింకల మీద రిమ్‌ఫైర్ వాడకూడదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి మనవాళ్ళకు ముఖ్యమైనది ఒకటి. హెచ్-1బి వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం దానికి ఒక మినహాయింపు. టెక్సస్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో ముగుస్తుంది, సాధన జోరుగా సాగే రోజులవే. మినహాయింపు మీద ఆధారపడినవాళ్ళు ఒక్క రోజు ఖాళీ లేకుండా రెన్యువల్ చేసుకోవాలి. సందేహముంటే రైఫిల్ కొనకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా ఉండాలి.

అక్టోబర్‌లో .22 లోపల పెట్టి .308 తీయాలి. వేటకు తీసుకెళ్ళే పెట్టె ఏదో అదే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో 100 గజాల దగ్గర రెండంగుళాలు పైకి జీరో చేస్తే 200 గజాల దాకా స్కోప్ తిప్పే పని ఉండదు. ఆ తర్వాత గ్రూపులు ఆపేయండి. రేంజికి వెళ్ళిన ప్రతిసారీ చల్లటి బ్యారెల్‌తో, కుర్చీలోంచి, ఒకే ఒక్క తూటా, ప్రతిసారీ అదే కాగితం మీద కాల్చి, పక్కన తేదీ వేసుకోండి. జింక మీద పడేది ఆ మొదటి తూటానే. ఆ కాగితం మీద రంధ్రాలన్నీ 4 అంగుళాల సున్నాలో ఉంటే జీరో ముట్టుకోవద్దు. ఒకటి బయట పడితే ముందు స్కోప్ రింగుల స్క్రూలు, స్టాక్ స్క్రూలు ఇంచ్-పౌండ్ రెంచితో (బిగువు కొలిచే రెంచి) సరిచూసి, తర్వాతే క్లిక్కుల జోలికి వెళ్ళండి.