ఇరవై ఏళ్లుగా మా గోడ మీదున్న పాత బారోమీటర్

విశాఖలో పెదవాల్తేరు దగ్గర మా ఇంటి హాలు గోడకు ఒక ఇత్తడి అనిరాయిడ్ బారోమీటర్ ఉంది, అంటే పాదరసం లేకుండా గాలి పీడనాన్ని కొలిచే పరికరం. 2003లో పాత ఓడల సామాన్లు అమ్మే కొట్లో పద్దెనిమిది వందలకు కొన్నాను. ఊళ్లో ఉంటే చాలు, పొద్దున ఎనిమిదింటికి దాని రీడింగు పుస్తకంలో రాసుకోవడం అలవాటు. పాతది కొనాలనుకునేవాళ్లు నన్ను రెండే అడుగుతుంటారు. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది, మన ఊళ్లో అది నిజంగా పనికొస్తుందా అని.

దీనికంటే ముందు ఒకటి కొని నష్టపోయాను. తళతళలాడే ఇత్తడి, డయల్ మీద పెద్ద అక్షరాలతో ‘లండన్, 1885’. వారం రోజులు మురిసిపోయాక గమనించాను, దాని మీద గీతలు మిల్లీబార్లు అనే పీడనపు కొలతలో ఉన్నాయి. బ్రిటన్ వాతావరణ శాఖ మిల్లీబార్లలోకి మారిందే 1914లో. 1885 నాటి లండన్ పనివాడు ఆ గీతలు గీసే అవకాశమే లేదు. అప్పటినుంచి డయల్ మీద సంవత్సరం కొట్టొచ్చినట్టు కనిపిస్తే ఆ వస్తువు జోలికి పోను. పాతకాలం తయారీదార్లు ఏడాది చెక్కడం అరుదు, మిగతా ఆనవాళ్లు మనమే ఏరుకోవాలి.

ఇప్పుడున్న దాని వయసు అలాగే లెక్కగట్టాను. ఫ్రాన్స్‌లో లూసియన్ విడీ అనిరాయిడ్‌కు పేటెంటు తీసుకున్నది 1844లో, కాబట్టి అంతకు ముందుది కాదు. కొలతలు పాత పద్ధతిలో అంగుళాల్లోనే ఉన్నాయి (గొట్టంలో పాదరసం ఎంత ఎత్తున నిలుస్తుందో ఆ లెక్క), 28 నుంచి 31 దాకా. డయల్ అడుగున సన్నటి అక్షరాల్లో ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంది. ఇంగ్లండ్ సరుకు మీద ఆ మాట మామూలైంది ఇరవయ్యో శతాబ్దంలోనే. మధ్యలో కలకత్తా దుకాణం పేరుంది, దాన్ని తయారీదారు పేరనుకోకండి. చాలా డయళ్ల మీద ఉండేది అమ్మిన కొట్టు పేరే. అన్నిటికంటే గట్టి ఆధారం వెనక మూత విప్పితే దొరికింది. మూత లోపలి వైపు సూదితో గీకినట్టు ‘3/38’ అని ఉంది. బాగుచేసినవాడెవరో తన గుర్తు కోసం రాసుకున్నాడు. అంటే 1938 మార్చికే ఇది ఒకసారి రిపేరుకు వెళ్లింది. మొత్తం మీద 1910కీ 1930కీ మధ్యది అని నా అంచనా.

మూత విప్పినప్పుడు లోపల చూడటం నాకు ఎప్పటికీ ఇష్టమే. అలలు తేలినట్టు ముడతలున్న పల్చటి లోహపు డబ్బీ, అందులోంచి గాలి తీసేసి ఉంటుంది. బయటి గాలి బరువుకు అది అణిగిపోకుండా ఒక ఉక్కు స్ప్రింగు పైకి లాగి పట్టుకుంటుంది. పీడనం పెరిగితే డబ్బీ వెంట్రుకవాసి కుంగుతుంది, తగ్గితే అంతే పైకి లేస్తుంది. ఆ కాస్త కదలికనే మీటలు పెద్దది చేస్తే, కుట్టుదారమంత సన్నటి గొలుసు ముల్లును తిప్పుతుంది. సముద్రపు గాలికి ముందు పోయేది ఆ గొలుసే. నాది 2011లో తుప్పుపట్టి తెగిపోయింది. గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకరు పాడైన ఇంకో బారోమీటర్ గొలుసు తీసి వేసిచ్చారు. నూనె మాత్రం పోయొద్దన్నారు, దుమ్ము పట్టి ముల్లు బిగుసుకుపోతుందట.

ఇత్తడి అనగానే మనకు చింతపండు గుర్తొస్తుంది. నేనూ అంచంతా చింతపండుతో తోమాను. ఇత్తడి నల్లబడకుండా పైన వేసిన లాకర్ అనే వార్నిష్ పూత మొత్తం పోయింది, ఇప్పుడు నెలకోసారి చిలుము పడుతోంది. వెండి పూత ఉన్న డయల్‌ను అయితే పొడి మెత్తటి బట్టతో తప్ప దేనితోనూ తాకకండి.

డయల్ మీద రాసిన ‘రెయిన్’, ‘చేంజ్’, ‘ఫెయిర్’ మాటలు ఇంగ్లండ్ వాతావరణం కోసం రాసినవి. మనకు జూన్, జులైల్లో పీడనం సహజంగానే తక్కువ. ఎండ కాసినా వాన కురిసినా ముల్లు 29.5 దగ్గర ‘చేంజ్’ మీదే ఉంటుంది. జనవరిలో 30 దాపులకు వెళ్లి ‘ఫెయిర్’ అంటుంది. పైగా రోజుకు రెండుసార్లు ఎక్కి దిగుతుంది. పొద్దున పదికీ రాత్రి పదికీ పైన, తెల్లవారుజామున నాలుగుకూ సాయంత్రం నాలుగుకూ కింద. పగటిపూట ఈ తేడా అంగుళంలో పదో వంతు దాకా ఉంటుంది. చలిదేశాల్లో ఈ ఆటుపోటు పైకి కనబడదు, మన దగ్గర గడియారంలా నడుస్తుంది. ముల్లు దిగితే గాలివానకు సూచన కదా, ఇది తెలియక మొదట్లో రోజూ సాయంత్రం ఏదో ముంచుకొస్తోందని టెన్షన్ పడేవాణ్ని. నిన్న ఇదే వేళకు ఎంత ఉందో దాంతోనే పోల్చాలని తెలిశాకే ఈ వస్తువు నాకు పనికొచ్చింది.

ఇలా రీడింగులు రాసుకునే అలవాటు ఈ ఊరికి కొత్తది కాదు. 1840లోనే జమీందారు గోడే వెంకట జగ్గారావు ఇక్కడ సొంతంగా అబ్జర్వేటరీ, అంటే ఆకాశాన్నీ వాతావరణాన్నీ పరిశీలించే కేంద్రం పెట్టారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. పుస్తకం తెరిచినప్పుడు వాళ్లిద్దరూ గుర్తొస్తారు.

2014 అక్టోబర్ 11, శనివారం. రాత్రి పదికి ఎక్కాల్సిన ముల్లు ఎక్కలేదు. హుద్‌హుద్ తుపాను వస్తోందని వార్తల్లో చెబుతూనే ఉన్నారు, అయినా ఎక్కని ఆ ముల్లును చూశాకే నాకు కడుపులో దడ మొదలైంది. మర్నాడు పొద్దున్నుంచీ గ్లాసు మీద వేలితో తట్టిన ప్రతిసారీ ముల్లు కిందికి జారింది. మధ్యాహ్నానికి 28.1 దగ్గరకు వచ్చింది. అంతలో గాలి ఒక్కసారిగా పడిపోయింది. వీధిలోవాళ్లు తలుపులు తీసుకుని బయటికొచ్చారు, ఎదురింటి కుర్రాడు ఎగిరిపోయిన రేకులు ఏరడానికి బయల్దేరాడు. నేను లోపలికెళ్లి చూస్తే ముల్లు అడుగునే ఉంది. తుపాను పోలేదు, దాని కన్ను, అంటే గాలి నెమ్మదించే నడిమధ్య భాగం, మా మీదికి వచ్చింది. “ఒరేయ్, లోపలికి పో, ఇంకా అయిపోలేదు!” అని గుమ్మంలోంచే అరిచాను. కాసేపటికి గాలి తిరిగొచ్చింది, ఈసారి ఎదురు దిక్కు నుంచి. ముల్లు గట్టిగా పైకి ఎక్కడం మొదలయ్యాకే మేం అన్నం ముందు కూర్చున్నాం. ఆ తుపాను కేంద్రంలో పీడనం 950 హెక్టాపాస్కల్స్ (మిల్లీబార్లకే ఇప్పటి పేరు) అని వాతావరణ శాఖ అంచనా కట్టింది. అంగుళాల్లో అది 28.05. మా డయల్ మీద అక్కడ ‘స్టార్మీ’ అని ఉంది. ఇన్నేళ్లలో ఆ మాట నిజమైంది ఆ ఒక్కరోజే.

కొనేటప్పుడు కేసు అందం చూసి మోసపోవద్దు, డబ్బీ బతికుందో లేదో చూడండి. పది అంతస్తుల లిఫ్ట్‌లో పైకి తీసుకెళ్తే ముల్లు అంగుళంలో పదో వంతు దిగాలి. లిఫ్ట్ లేకపోతే గాలి నింపిన పాలిథిన్ కవర్లో పెట్టి మూతి బిగించి మెల్లగా నొక్కండి, ముల్లు పైకి ఎక్కాలి. అసలు కదలకపోతే ఎంత చవకైనా వదిలేయండి. పాదరసం గొట్టం ఉన్నవి నేను ఇంట్లోకి రానివ్వను. పగిలితే ఆ ఆవిరి విషం, వాటిని ప్రయాణికులు విమానంలో తేవడానికీ వీల్లేదు.

మా చెల్లెలు హైదరాబాద్‌లో ఉంటుంది. “నాకూ ఒకటి చూడు అన్నయ్యా” అంటే ఇలాంటిదే వెతికి తీసుకెళ్లాను. ఆ ఊరు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది కదా, అక్కడికి చేరేసరికి ముల్లు రెండంగుళాలకు కాస్త తక్కువగా దిగిపోయింది. పాడైపోయిందని తను ఏడ్చినంత పని చేసింది. వెనకున్న చిన్న స్క్రూను కొంచెం కొంచెంగా, మధ్యమధ్యలో గ్లాసు తడుతూ, వాతావరణ శాఖ చెప్పిన సముద్రమట్టపు పీడనానికి సరిచేశాం. ఒకేసారి తిప్పితే గొలుసు మీద భారం పడుతుందని రెండు రోజులు పెట్టుకున్నాం. ఇప్పుడు ఆదివారాలు పొద్దున పదింటికి తనే ఫోన్ చేస్తుంది, ఇద్దరం రీడింగులు చెప్పుకుంటాం.