మడమ లేచే స్కీలపై గుల్మార్గ్‌లో తొమ్మిది రోజులు

అనంతపురం పక్కగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి దాకా పోతుంది. ఆ దారికి ఆ కొసన ఉన్న మంచు కోసం నేను ఆరు శీతాకాలాలుగా ప్రయాణం కడుతున్నాను. ఉత్తరాఖండ్‌లోని ఔలీకి రెండుసార్లు, కశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు నాలుగుసార్లు వెళ్లి అల్పైన్ స్కీయింగ్‌లో, అంటే మునివేళ్లనూ మడమనూ రెంటినీ స్కీకి బిగించి దిగే పద్ధతిలో, నిటారు వాలులను కూడా భయం లేకుండా దిగగలిగే స్థాయికి చేరుకున్నాను. ఈ ఫిబ్రవరిలో మాత్రం టెలిమార్క్ నేర్చుకోవడానికే వెళ్లాను. ధర్మవరం నుంచి నా పిన్ని కొడుకు తోడు వచ్చాడు.

టెలిమార్క్‌లో బూటు ముందు కొస మాత్రమే స్కీకి అంటి ఉంటుంది, మడమ స్వేచ్ఛగా పైకి లేస్తుంది. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే పల్లెలో 1825లో పుట్టిన సోండ్రె నోర్హెయిమ్ విల్లో కొమ్మలను మెలిపెట్టి మడమ చుట్టూ కట్టు కట్టి, స్కీ ఊడిపోకుండా మలుపులు తిరిగే నేర్పును సాధించాడు. 1868లో అప్పటి క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, జరిగిన పోటీలో ఆ నేర్పును జనం చూశారు. తర్వాత అల్పైన్ పద్ధతి ముందుకు వచ్చి ఇది వెనకబడింది. 1970 దశకంలో అమెరికా కొండల్లో మళ్లీ ఊపిరి పోసుకుంది.

మన దగ్గర దీనికి సామగ్రి దొరకడమే మొదటి చిక్కు. గుల్మార్గ్‌లో నేను తిరిగిన అద్దె దుకాణాలన్నిటిలోనూ అల్పైన్ సామగ్రే ఉంది. ఒక దుకాణదారు ఫోనులో టెలిమార్క్ బూట్లు ఉన్నాయని నమ్మబలికి, తీరా వెళ్లాక మామూలు కొండ నడక బూట్లు చూపించి, బయానా తిరిగి ఇవ్వడానికి రెండు రోజులు తిప్పాడు. అదృష్టవశాత్తు డెన్వర్‌లో ఉండే మా చెల్లెలి భర్త తాను వాడి పక్కన పెట్టిన జత అంతకుముందే పంపించి ఉన్నాడు. అది బూటు మొన బాతు ముక్కులా ముందుకు పొడుచుకొచ్చే పాత 75 మిల్లీమీటర్ల రకం. రొట్టెఫెల్లా సంస్థ 2007లో తెచ్చిన ఎన్‌టీఎన్ (న్యూ టెలిమార్క్ నార్మ్) బైండింగులో, అంటే బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపులో, ఆ ముక్కు ఉండదు, పక్కలకు పట్టు ఎక్కువ. కొత్తగా కొనేవారు రెండో రకం చూసుకోవడం మేలని నా అభిప్రాయం. పాత రకం బైండింగుల్లో చాలావాటికి పడినప్పుడు బూటును వదిలే ఏర్పాటు ఉండదు. వెనక మోకాలు స్కీకి దగ్గరగా వంగుతుంది కాబట్టి, మోకాళ్లకు మందపాటి ప్యాడ్లు తప్పనిసరి.

ఇంటి దగ్గర రెండు నెలలు ఆదివారం ఆదివారం గుత్తి కోట ఎక్కి దిగాను. ఒక కాలు ముందుకు వేసి, వెనక మోకాలిని నేలకు ఆనీ ఆనకుండా దించి లేవడం మేడ మీద రోజుకు యాభైసార్లు చేశాను. తొడల్లో బలం వచ్చింది గానీ, నా పాదాలకు పట్టిన పాత అలవాటును మాత్రం ఆ సాధన కదిలించలేకపోయింది.

ఆ అలవాటు ఏమిటో చెబితేనే స్థలం ఎంపిక ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది. అల్పైన్ మలుపులో బరువంతా దాదాపు బయటి స్కీ మీదే ఉంటుంది. టెలిమార్క్ మలుపులో బయటి స్కీ ముందుకు జరుగుతుంది, లోపలి స్కీ వెనక్కి వెళ్తుంది, వెనక మోకాలు వంగి మడమ లేస్తుంది, బరువు రెండింటి మీదా ఇంచుమించు సమానంగా పడాలి. మొదటి మూడు రోజులూ నేను ముందు కాలి మీదే నిలబడి మలుపు ముగించాను. పైకి టెలిమార్క్ భంగిమలాగే కనిపించేది. వెనక స్కీ మాత్రం బరువు లేక ఎటు పడితే అటు తిరిగేది. మా తమ్ముడు కింద నిలబడి చూసి, "అన్నా, ఎనక కాలు నీది కాదన్నట్టు ఈడ్చుకొస్తాండావు" అన్నాడు. మా శిక్షకుడు, విదేశీ స్కీయర్లతో తిరిగి ఈ విద్య నేర్చుకున్న స్థానికుడు, అదే మాటను మరో రకంగా చెప్పాడు: వెనక పాదం చిటికెన వేలి వైపు అంచును మంచులోకి నొక్కమన్నాడు. తన చేతి తొడుగును మడిచి, నా ముందు మోకాలి వెనక భాగానికీ వెనక మోకాలికీ నడుమ పెట్టి, అది జారకుండా మలుపు తిరగమన్నాడు. పదిహేనుసార్లు జారింది. పదహారోసారి నిలిచినప్పుడు వెనక స్కీ అంచు మంచును కోస్తున్న సన్నని గరగర నాకు స్పష్టంగా వినిపించింది. కాళ్లు మరీ దూరంగా చాపడమూ, రెండు కాళ్ల మార్పిడిని ఒక్క కదలికలో కాక రెండు ముక్కలుగా చేయడమూ నా మిగతా తప్పులు. వాటిని వాలుకు అడ్డంగా పోతూ అడుగులు ముందుకూ వెనక్కూ జరిపే సాధనతో దిద్దుకున్నాను.

ఇంత సూక్ష్మమైన పని యంత్రంతో చదును చేసిన మెల్లని వాలు మీదే సాధ్యం. గుల్మార్గ్ పేరు వినగానే అందరూ అఫర్వట్ కొండ వైపు, దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేర్చే గోండోలా (తీగల మీద నడిచే పెట్టె బండి) రెండో దశ వైపు చూస్తారు. అక్కడి లోతైన మెత్తని మంచు టెలిమార్క్ బాగా వచ్చినవారికి ఆనందమే. నేర్చుకునేవారికి అది దండగ, పైగా దారి తప్పి పక్క లోయల్లోకి పోతే మంచు చరియల ముప్పు ఉంది. నాకు ఉపయోగపడినవి గ్రామం నడిమధ్య, 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పల్లపు మైదానంలోని డ్రాగ్ లిఫ్టు వాలులు, అంటే స్కీల మీద నిలబడినవారిని తాడుతో పైకి లాగే యంత్రం ఉన్న వాలులు. ఆరో రోజు నుంచి గోండోలా మొదటి దశ చేరే కొంగ్‌డూరిలోని మధ్యస్థ వాలులు. వాలు ఒక్కటే చూస్తే ఔలీకే నా ఓటు. 2011లో తొలి దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన ఆ వాలు పొడవుగా, ఒకే తీరుగా సాగుతుంది, జనం కూడా తక్కువ. కానీ అక్కడ టెలిమార్క్ తెలిసిన శిక్షకుడు నాకు దొరకలేదు. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగినప్పుడు అక్కడి నుంచి పైకి వెళ్లే రోప్‌వే ఆగిపోయింది కనుక, రోడ్డు మార్గం సంగతి ముందే విచారించుకోవాలి. శిక్షకుడు ముఖ్యమా, వాలు ముఖ్యమా అంటే అల్పైన్ వచ్చినవారికి శిక్షకుడే ముఖ్యం. మన తప్పు మన కంటికి కనిపించదు.

బస విషయంలో మొదట పొరపాటు చేశాను. అద్దె దాదాపు సగమని పదమూడు కిలోమీటర్ల దిగువన టంగ్‌మార్గ్‌లో మూడు రాత్రులు ఉన్నాం. ఒక ఉదయం మంచు దట్టంగా పడగా, చక్రాలకు గొలుసులు కట్టిన బండి దొరికేసరికి పదకొండు దాటింది, ఆ రోజు పాఠం పోయింది. తర్వాత గుల్మార్గ్‌లో ఒక హోటల్‌కు మారాం. రాత్రంతా వేడి ఉంటుందని చెప్పిన ఆ హోటల్‌వారు పదకొండు గంటలకే యంత్రం ఆపేసేవారు. గట్టిగా అడిగితే విద్యుత్ దుప్పటి ఇచ్చారు. చివరికి కుదిరింది ఒక చిన్న అతిథి గృహం. దాని హమామ్ గదిలో, అంటే కింద కట్టెల మంట పెట్టి రాతి నేలను వెచ్చబరిచే గదిలో, తడిసిన బూట్లు తెల్లారేసరికి పొడిగా ఆరేవి. గదిని వెచ్చబరిచే బుఖారీ పొయ్యికి దగ్గరగా పెడితే బూటు ప్లాస్టిక్ వంకరపోతుంది, జాగ్రత్త. ఆ ఇంటివారు పెట్టిన అన్నంలోకి మేము తీసుకెళ్లిన చెనిక్కాయల పొడి వాళ్లకూ నచ్చి, వచ్చేటప్పుడు డబ్బా అక్కడే వదిలేశాం.

మా ప్రీపెయిడ్ సిమ్‌లు అక్కడ పనిచేయలేదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గోండోలా టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం కొంగ్‌డూరి నుంచి మైదానం దాకా ఆగకుండా దిగాను. ఎడమ వైపు మలుపులు కుదురుగా వచ్చాయి. కుడి వైపు తిరిగేటప్పుడు, అంటే కుడి కాలు వెనక ఉన్నప్పుడు, చిటికెన వేలి ఒత్తిడి ఇంకా సగం దూరంలోనే సడలిపోతోంది. వచ్చే జనవరిలో అదే శిక్షకుడితో, అదే డ్రాగ్ లిఫ్టు వాలు మీద, ఆ కుడి కాలితోనే మొదలుపెట్టాలని ఆయనతో మాట అనుకుని వచ్చాను.